గది కొలతలు

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు మొదలయ్యాక దేవదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టి లోపలి గది గుమ్మం దాకా నడిచాడు. ఆ గదిలో కుర్రవాడు దిగినప్పటి నుంచీ, నాలుగు రోజులుగా, ఇదే వరస. ముందు తలుపు పక్కన బూట్లు చూస్తాడు. జత కలిపి, లేసులు లోపలికి దోపి ఉంటాయి. తరవాత గోడవార పక్క చుట్ట. దుప్పటి, చాప, దిండు ఒకే వెడల్పున మడిచి, అంచుకు అంచు కలిపి ఉంటాయి. ఆ తరవాత నల్ల రేకు పెట్టె. మూత మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. పేరు చదవగలడు, పరమేశ్. నంబరు పొడుగ్గా ఉంది.

మనుషులు ఇంత శుభ్రంగా ఉండరని దేవదాస్ నమ్మకం. ఎవరో చూస్తున్నారని తెలిస్తేనే ఇలా ఉంటారు. లేకపోతే చూసేవాడు తామే అయినప్పుడు.

ఈరోజు పెట్టె మీద ఒక నోటుపుస్తకం ఉంది. దాని మీద స్టీలు కొలతల టేపు.

నీళ్లు ఇంకా పడుతున్నాయి. దేవదాస్ టేపు పక్కకు జరిపి పుస్తకం తెరిచాడు. గది బొమ్మ గీసి ఉంది. తన గదే. తలుపు ఎటు, కిటికీ ఎటు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మధ్యలో చిన్న సున్నా, దాని నుంచి నాలుగు వైపులకూ గీతలు, గీతల మీద అంకెలు. కింద తెలుగులో గుండ్రటి అక్షరాలు: ‘మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఇంట్లో ఇద్దరే.’

పుస్తకం మూసి, టేపును ముందున్నట్టే పెట్టాననుకున్నాడు.

పన్నెండేళ్ల కిందట నది ఒడ్డున గుడిసెల్లో ఉన్నప్పుడు ఒక మనిషి ఇలాగే వచ్చాడు. చొక్కా టక్ చేసుకుని, నవ్వుతూ భార్య వినోదను పిన్నిని పిలిచినట్టు ‘మాసీ’ అని పిలిచి మంచినీళ్లు అడిగి తాగాడు. టేపు పట్టుకుని గుడిసె పొడవూ వెడల్పూ కొలిచాడు, ఎంతమంది ఉంటారని అడిగి రాసుకున్నాడు. టేపు రెండో కొస పట్టుకున్నది దేవదాసే. మూడు వారాల తరవాత గుడిసెలు కూల్చే యంత్రం వచ్చింది. బదులుగా ప్రభుత్వం కోసాడ్‌లో ఇచ్చిన ఈ ఇల్లు చేతికి రావడానికి మధ్యలో రెండేళ్లు రేకుల షెడ్డులో గడిచాయి. ఇల్లు ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్న గుజరాతీ కాగితంలో, కిరాయికి ఇవ్వకూడదని, ఇస్తే వెనక్కి తీసుకుంటారని ఉందట. చదివి చెప్పింది కొడుకు మల్లేష్.

ఆ మల్లేష్ పల్సానాలో మిల్లు దగ్గరే ఉందామని పెళ్లాంతో వెళ్లిపోయాడు, లోపలి గదిలో ఫ్యాను కూడా విప్పుకుని. గది ఖాళీ అయింది. కింద కిరాణా రఘుపతి ఈ కుర్రవాణ్ని తీసుకొచ్చి, ‘మనోడే, తెలుగోడు, సముద్రం మీద కాపలా నౌకరి, క్వార్టర్ ఖాళీ అయ్యేదాక ఇరవై రోజులే’ అన్నప్పుడు ఒప్పుకున్నది వినోద. దేవదాస్ తల ఊపాడు. మరమగ్గాల, వాళ్ల మాటలో సాంచాల, మోతలో ముప్పై ఏళ్లు గడిచాక అతనికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. మళ్లీ చెప్పమని అడగడం నామోషీ. మాట వదిలేసి మొహం చూస్తాడు. ఆ రోజు చూసిన మొహంలో ఏమీ దొరకలేదు. అదే అతనికి నచ్చలేదు.

పరమేశ్ తల తుడుచుకుంటూ వచ్చాడు. పాతికేళ్లుంటాయి. ఎండకు కమిలిన మెడ, చెవుల పైదాకా కత్తిరించిన జుట్టు.

“బాబాయ్, ఆ కాయితం చూశారా?”

“ఏ కాగితం?”

“మొన్న ఇచ్చాను కదండీ. ఇంటి ఓనరు సంతకం. ఒకటి మా ఆఫీసులో ఇవ్వాలి, ఒకటి పోలీస్ స్టేషన్లో. రేపు పొద్దున కల్లా ఇచ్చేస్తేనే బయట ఉండడానికి పర్మిషను. రేపు మధ్యాన్నం మా ఆవిడ బండి దిగుతాది. పాపకి యాభై రోజులే.”

“సూద్దం సార్.”

“సార్ ఏంటి బాబాయ్! మీ అబ్బాయి లాంటోణ్ని.”

వినోద వంటింట్లోంచి అంది: “నేను సెప్తనే ఉన్న కొడుకా. ఆయినె పెండ్లినాడు నన్ను గూడ గట్లనే సూసిండు, పిల్లను మార్చిండ్రేమో అని.”

పరమేశ్ నవ్వాడు. దేవదాస్ నవ్వలేదు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. రెండో అంతస్తు దగ్గర ఆగి పైకి చూశాడు. ఎవరూ లేరు.

కార్ఖానాలో అతని పని ముడులు వేయడం. సాంచా మీద పడుగు చుట్టిన పాత బీమ్ అయిపోతే కొత్తది ఎక్కిస్తారు. పాత బీమ్ చివర మిగిలిన ప్రతి పోగుకూ కొత్త బీమ్ పోగు ఒకటి కలపాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. చిన్న స్టూలు మీద వీపు వంచి కూర్చుని, ఎడమ బొటనవేలి మీద రెండు కొసలూ అడ్డంగా పెట్టి, ఒకదాన్ని మడిచి, రెండోదాన్ని దాని చుట్టూ తిప్పి ఉచ్చులోంచి లాగుతాడు. పట్టేది రెప్పపాటు. తోక చిన్నది, ముడి చదును. లాగినకొద్దీ బిగుస్తుంది. సిరిసిల్ల దగ్గర తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేర్పిన ముడి అది. ఎనిమిదేళ్లప్పుడు నేర్చుకున్నాడు. యాభై నాలుగేళ్లొచ్చాయి. ఈ ముడి ఒక్కటే ఎప్పుడూ అతన్ని మోసం చేయలేదు.

వేళ్లు వాటి పని అవి చేసుకుంటుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది. ఖాళీ బుర్రలోకి గది బొమ్మ వచ్చింది. మధ్యలో సున్నా, నాలుగు గీతలు. సున్నా అంటే ఏమిటి? ఇల్లు అని గుర్తు పెట్టుకున్నాడా? తను కూడా తప్పు చేసిన మనిషే అయినప్పుడు అవతలివాడి మీద అనుమానం మరింత పదునుగా ఉంటుందని దేవదాస్‌కు తెలుసు. కిరాయికి ఇవ్వడం తప్పు. పుస్తకం తెరవడం ఇంకో తప్పు. రెండూ కలిసి ఇప్పుడు ఆ కుర్రవాడి మొహం మీద కనిపిస్తున్నాయి.

చాయ్ వేళకు బయట బల్ల మీద ముత్యం పక్కన కూర్చున్నాడు. ముత్యం అదే కార్ఖానాలో ఎనిమిది సాంచాలు చూస్తాడు, మందమర్రి వైపువాడు. కుడి చెవి వైపు కూర్చుని మాట్లాడే అలవాటు వాడొక్కడికే ఉంది.

“వాని ఓడలుండె హజీరా యాడ, కోసాడ్ యాడనే అన్నా? రోజు ముప్పై కిలోమీటర్లు పోయి రానీకి వానికేమన్న పిచ్చి లేసిందా?”

“పెండ్లానికి హిందీ రాదట. మనోళ్ల నడుమ ఉంటదని.”

“అందరు గట్లనే అంటరు. గవర్మెంటోడు నీ మూడో మాలె మెట్లెక్కి ఎందుకస్తడు? సంతకం గూడ అడిగిండా?”

“అడిగిండు. పోలీసులకు ఒకటియ్యాల్నట.”

ముత్యం సాసర్‌లో చాయ్ ఊదుకుని తాగాడు. “మా వెనుక బిల్డింగ్ల ఒగడు గిట్లనే సంతకం వెట్టిండు. పది దినాలకు ఆఫీసోళ్లు వచ్చి తాళమేసి సీల్ కొట్టిండ్రు. కిరాయికిచ్చినవా లేదా అంటే, ఇగో నీ దస్కతే అన్నరట. ఇగ ఏమంటడు?”

“ఏమన్నడు?”

“ఏమంటడు, సామాను మీద కూసున్నడు.”

దేవదాస్ చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది. పుస్తకంలో చూసిన బొమ్మ సంగతి ముత్యానికి చెబుదామనుకున్నాడు. చెబితే, దొంగతనంగా ఎందుకు తెరిచావని అడగడు ముత్యం. అడగకపోయినా ఆ ప్రశ్న బల్ల మీద ఉండిపోతుంది. చెప్పలేదు.

బీమ్ అయిదింటికే అయిపోయింది. కోసాడ్ వచ్చేసరికి ఎండ ఇంకా బిల్డింగుల పై అంతస్తుల మీద ఉంది. వినోద ఇంట్లో లేదు. చీరల మీద మిగిలిన దారపు కొసలు కత్తిరించే పని ఆమెది. ఈ వేళకు మూటలు తిరిగి ఇవ్వడానికి వెళుతుంది. లోపలి గది తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల ఏదో చప్పుడు, స్టూలు జరిపినట్టు. దేవదాస్ చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

పరమేశ్ బయటికి వచ్చి తలుపు తన వెనక మళ్లీ దగ్గరకు వేశాడు. మొహంలో ఏదో దాచుకున్న నవ్వు. దేవదాస్ దాచడాన్ని చూశాడు, నవ్వును చూడలేదు.

“వొచ్చేశారా బాబాయ్! మీరొచ్చీలోపే అయిపోవాలనుకున్నాను...”

“గది ఇడువాలె సార్.”

పరమేశ్‌కు అర్థం కాలేదు. చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

“కాగితం మీద నేను దస్కతు వెట్ట. నా కొడుకు అస్తున్నడు. ఇయ్యాలనే ఖాళీ చెయ్యాలె.”

“ఇవాళా? బాబాయ్, రేపు బండి దిగుతారండి. చంటిపిల్ల. నేను ఎల్లుండి షిప్పెక్కేయాలి, పది రోజులు. పిన్ని ఉంటాదనే...” ఆగాడు. “నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?”

అది అడగవలసిన చోటు. నువ్వు గది ఎందుకు కొలిచావు అని ఒక్క మాట. ఆ మాట అనాలంటే ముందు పుస్తకం తెరిచానని ఒప్పుకోవాలి. పొద్దున టేపు సరిగ్గా పెట్టాడో లేదో దేవదాస్‌కు ఇప్పటికీ తెలియదు. ఆ కుర్రవాడి కళ్లలో వెతికాడు. తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది.

“తప్పేం లేదు సార్. కొడుకస్తున్నడు.”

పరమేశ్ తల ఊపాడు, ఆజ్ఞ విన్నవాడిలా. లోపలికి వెళ్లాడు. దేవదాస్ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పెట్టె మూత పడిన చప్పుడు వినిపించింది. చుట్ట కట్టిన చప్పుడు కాదు, కట్టాక పడ్డ నిశ్శబ్దం వినిపించింది. పావుగంట కూడా పట్టలేదు.

“ఎల్తాను బాబాయ్. పిన్నికి చెప్పండి. స్టేషను దగ్గర లాడ్జి ఏదో చూసుకుంటాను.” గడప దగ్గర ఆగి మళ్లీ ఏదో అన్నాడు. ఎడమ వైపు నుంచి అన్నాడు. దేవదాస్ తల ఊపాడు.

రేకు పెట్టె మెట్ల మలుపుల దగ్గర గోడకు తగులుతూ దిగింది. మూడు అంతస్తులు, ఆరు మలుపులు. ఆ తరవాత ఆటో. దేవదాస్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇల్లు తనది. సంతకం ఎక్కడా లేదు. చాయ్ పెట్టుకుందామని లేచాడు. బియ్యం సంచి ఉండవలసిన మూల ఖాళీగా కనపడింది. సరిగ్గా అనుకున్నట్టే అని ఒక క్షణం సంతోషం కూడా కలిగింది. తరవాత సిగ్గేసింది. ఓడ ఉద్యోగి అయిదు కిలోల బియ్యం ఎత్తుకుపోతాడా?

వినోద వచ్చింది. చేతిలో చీరల మూటలు మోసిన ఖాళీ సంచి, సాంబ్రాణి పొట్లం.

“కట్టిండా? సూసినవా?”

“ఏంది కట్టేది?”

“ఉయ్యాల. పొద్దుగాల నువ్వు పోయినంక నాకు పుస్తకం సూపెట్టిండు. ఫ్యాను కొక్కెం గోడలకు ఎంత దూరముందో కొలిచి పెట్టుకున్నడట, ఊపితె తలుపుకు తగులొద్దని. పెండ్లానికి ఇల్లు ఎట్లుంటదో ఫోన్ల సెప్పనీకి నీళ్లు ఎప్పుడస్తయో గూడ రాసుకున్నడు. నా పాత చీర ఇచ్చిన. మన బియ్యం సంచి అడిగిండు, బరువు సూసుకుంటనని. పోరడేడి?”

ఆమె దేవదాస్ మొహం చూసింది. ముప్పై ఏళ్లుగా చూస్తున్న మొహం. సాంబ్రాణి పొట్లం గట్టు మీద పెట్టింది.

“ఎల్లగొట్టినవా?”

“ఇల్లు పోతదని...”

“ఇల్లు గుంజుకునేటోడు ఉయ్యాల కడతడయ్యా?” ఆమె ఫోను తీసి రఘుపతి ఇచ్చిన నంబరు నొక్కింది. మోగుతుండగానే అతని కుడి చెవి వైపు చాపింది. “నువ్వే పిలువు. మల్ల రమ్మను.”

దేవదాస్ ఫోను పట్టుకున్నాడు. అవతల ‘హలో’ వినిపించింది, వెనక రైళ్ల గోల. హలో, హలో అంది గొంతు. నోరు తెరిచాడు. సార్ అనాలా, తమ్మీ అనాలా, బిడ్డా అనాలా? నాలుగు రోజుల్లో ఆ కుర్రవాణ్ని ఏమని పిలవాలో అతను ఒక్కసారీ నిర్ణయించుకోలేదు. గొంతు మూడోసారి హలో అంది. ఆగి, “పిన్నీ?” అంది. తరవాత కట్ అయింది. వినోద మళ్లీ చేసింది. ఎత్తలేదు.

దేవదాస్ లోపలి గది తలుపు తోశాడు. నేల ఊడ్చి ఉంది. మల్లేష్ ఫ్యాను విప్పిన కొక్కేనికి కొత్త తెల్ల తాడు, తాడు కొసకు మడతపెట్టిన వినోద ఆకుపచ్చ చీర. రెండూ కలిసిన చోట అతని చూపు ఆగింది. చీర కొసను ఉచ్చుగా మడిచి, తాడును దాని చుట్టూ తిప్పి, తన కిందుగానే దూర్చి లాగిన ముడి. తోక చిన్నది, చదునుగా ఉంది. లావు వేరు, అంతే. పొద్దుటి నుంచి నాలుగు వేలసార్లు వేసిన ముడి. సముద్రం మీద వాళ్లకు ఎవరు నేర్పారో. ఎలా విప్పాలో అతని వేళ్లకు తెలుసు, చూడకుండానే తెలుసు. చెయ్యి ఎత్తి ముడి మీద బొటనవేలు పెట్టాడు. తీసేశాడు.

చెయ్యి తగిలి ఉయ్యాల కొంచెం కదిలింది, తలుపుకు జానెడు దూరంలో ఆగి వెనక్కి వెళ్లింది. చీర మడతలో అయిదు కిలోల బియ్యం సంచి, మూతి తల వైపుకు, చుట్టూ తువ్వాలు సర్దిపెట్టి ఉంది.