గుట్టకిచ్చిన జుట్టు

అయినా గుండు చేయించుకుంటే మళ్ళీ వచ్చే జుట్టు ఉంగరాలు తిరుగుతుందా ఎక్కడైనా, ఆ ముక్క అప్పుడే ఎందుకు తట్టలేదు నా మట్టిబుర్రకి, మా పుట్టింట్లో అందరివీ తిన్నని జుట్లే, అవ్వది, అమ్మది, నాది, రాధక్కది, జడ వేస్తే నిలవదు, జారిపోతుంది, అలాంటిది యాదగిరిగుట్టలో మొక్కు చెల్లించానని గుండుతో వచ్చిన అక్కకి ఆర్నెల్లు తిరిగేసరికి నల్లగా చిన్న చిన్న ఉంగరాలు, నర్సింహస్వామి గిట్ల ఇచ్చిండు చెల్లే అని అద్దంలో చూసుకుని నవ్వింది, నేనూ నవ్వాను, మస్తుగుందక్కా అన్నాను, ఇప్పుడు ఈ నర్సు నా మెడ కింది ఎముక పక్కన వేలు పెట్టి ఇక్కడేనమ్మా పోర్టు పెట్టేది అంటోంది, చర్మం కింద చిన్న గుండీ లెక్క ఉంటది, ప్రతిసారి చేతిల నరం దేవులాడకుండ కీమో దీంట్లకెళ్ళే ఇస్తరు, అంత అయిపోయినంక తీసేస్తరు, ఇంత గీత మిగులుతది గంతే, అని తన వేలి కణుపు చూపిస్తోంది, ఆ గీత నేనెక్కడ చూశానో నాకు తెలుసు, అదే చోటు, అదే పొడవు, అక్క జాకెట్టు అంచున, తన కూతురు సుస్మిత పెళ్ళికి అరిసెలు కాలుస్తుంటే నూనె చిట్లిందని చెప్పింది, నూనె చిట్లితే చుక్కలు పడతాయి గాని గీత పడుతుందా.

పక్కనే కూర్చుంది అక్క, పొద్దున్నే యాప్రాల్ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది, నన్ను ఇక్కడ దింపిన మా ఆయన జనార్ధన్‌ని నువ్వు పో బాబు, నీకు ప్లాటు పని ఉందంటివి గదా, చెల్లెను నేను చూసుకుంట అని పంపించేసింది, రెండు భుజాల మీదుగా కొంగు కప్పుకుంది, చల్లగా లేదు ఇక్కడ, ఫ్యాను కూడా తిరగట్లేదు, ఒళ్ళో సంచి, సంచిలో స్టీలు సీసా, సీసాలో గోధుమ గడ్డి రసం నాకోసం, ఇంకా, ఈ రోజుక్కూడా, ఉగాది ముందు రొమ్ములో గడ్డ కాన్సరని తేలినప్పుడు డాక్టరమ్మ అడిగిన మొదటి మాట ఇదే గదా, మీ ఇంట్ల ఎవరికన్న ఉందా, అమ్మకు, అక్కచెల్లెండ్లకు, లేదు మేడం అన్నాను ఠక్కున, మా అక్కకు ఒక గడ్డ లేసింది గని అది ఉత్త గడ్డే, మూలికల పొడితోటి కరిగిపోయింది అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను, ఆమె నా ముఖం ఒకసారి చూసి లేదని రాసుకుంది, ముందు కీమో, తర్వాత ఆపరేషన్, జల్దీ మొదలుపెట్టాలె అంది, నేను ఇంటికి పోలేదు, అలియాబాద్ బస్సు ఎక్కలేదు, తిన్నగా అక్క దగ్గరికి పోయాను, ఎవరైనా అక్కడికే పోతారు, గడప దాటక ముందే ఏడ్చాను, అక్క నాకన్నా ఎక్కువ ఏడ్చింది, అప్పుడడిగాను, అక్కా నీకు దేంతోటి తగ్గింది, నిజం చెప్పు, సూదులు లేకుంటనే తగ్గింది గదా, నాకూ తగ్గుతదా, అక్క లేచి అల్మారా తీసింది, డబ్బాలు బయట పెట్టింది.

ఆ డబ్బాలు నా వంటింటిని మింగేశాయి, పొద్దున పరగడుపున గడ్డి రసం, తర్వాత లక్ష్మణఫలం ఆకుల కషాయం, అన్నం తింటే ఒకటి తినకపోతే ఒకటి పసుపు గోళీ, అన్నం అంటే అన్నం కూడా కాదు, అన్నం బంద్, పాలు బంద్, చక్కెర బంద్, గుడ్డు బంద్, యాట మాంసం పేరెత్తకు, గడ్డకు బలమిస్తది అంది అక్క, ఉత్త కొర్రల గంజి, అది కూడా తనే వచ్చి కాచి తన చేతితో తాగించేది, ఇంకో బుక్క, నా బంగారం గదా, మూతి తుడిచేది, చిన్నప్పుడు జ్వరమొస్తే తుడిచినట్టే, బోనాల నాడు ఇల్లంతా మసాలా వాసన, మా ఇషిత కంచంలో ముక్కలు చూస్తూ నేను గంజి తాగాను, కూతురి కంచం చూసి నోరూరిన తల్లిని, ఎంత సిగ్గనిపించిందో, అదే బంతిలో అక్క కూర్చుని నల్లీ బొక్క చప్పరిస్తోంది, నాకు తగ్గింది గద ఇగ ఏమన్న తినొచ్చు అని, వాడకట్టులో ఆడవాళ్ళు వినోదా సన్నబడ్డవే, ఏం తింటున్నవ్ అంటే లోపల ఎక్కడో మురిసిపోయాను కూడా, నా మొహం మండ, కరుగుతున్నది నేను, గడ్డ కాదు, అది హాయిగా పెరిగి చంకలోకి పాకింది, కళ్ళు పచ్చబడితే గాని ఇక్కడికి రాలేదు, డాక్టరమ్మ రక్తం చూసి టేబుల్ మీద చెయ్యి కొట్టింది, ఏం మింగుతున్నవమ్మా, ఆ పసుపు గోళీలు లివర్‌ను ఖరాబ్ చేసినయ్, ఇగ ఇది కుదుటపడితే గని కీమో మొదలుపెట్టలేను, అన్నం తిను, పప్పు తిను, గుడ్డు తిను, తట్టుకునే బలం లేకుంటే నేనేం చేస్త చెప్పు, మొదట్లనే వచ్చి ఉంటే, అని ఆగిపోయింది, ఆ ఆగిన చోటే తిరుగుతోంది నా బుర్ర, లివర్ కుదుటపడిందని పోర్టు కోసం పిలిచిన ఈ రోజు దాకా.

నర్సు రాసుకునే కాగితాల కోసం లోపలికి వెళ్ళింది, నేను అక్క కొంగు పక్కకి లాగాను, వేలు సరిగ్గా ఆ గీత మీద పెట్టాను, పూణెలనా అన్నాను, అక్కడున్న తన కొడుకు అన్వేష్‌కి వంట చేసిపెట్టడానికని పోయి ఎండాకాలం, వానాకాలం అక్కడే ఉండిపోయింది కదా గుండుతో వచ్చిన ఆ ఏడు, ఫోన్ చేస్తే ఫోటో వద్దే, అలసిపోయిన అనేది, కనుబొమలు పెన్సిల్‌తో దిద్దుకుని వచ్చింది కూడా, నేను ఫ్యాషన్ అనుకున్నాను, అక్క తల దించుకుని సంచి పట్టుకుంది, మెల్లగా, పూణెలనే, అంది, అప్పుడు సుస్మితకు సంబంధం చూస్తుంటిమి వినోదా, తల్లికి గీ రోగమని తెలిస్తే ఎవడు చేసుకుంటడు, నెత్తి మీద వెంట్రుక లేకపాయె, ఏమని చెప్పాలె, గుట్టకిచ్చిన అన్న, గడ్డ ఎట్ల పోయిందని అడిగితే పొడి అన్న, ఒకసారి అన్నంక ఇగ అదే మాట, సుస్మిత పెళ్ళై ఏడాది దాటింది గదక్కా అన్నాను, దాని అత్తగారింట్ల తెలిస్తే ఇప్పుడు మాత్రం ఊకుంటరా అంది, మరి నాకు, నాకెందుకు చెప్పలే అన్నాను, నీకు చెప్తే జనార్ధన్‌కు చెప్తవ్, ఆయన ఊరంత తిరుగుతడు, అయినా నేను కీమో వద్దన్ననా చెల్లే, వద్దని ఎప్పుడన్న అన్ననా, డాక్టర్ కాడికి పోతనే ఉన్నవనుకున్న, అంది, నిజమే, వద్దనలేదు, గంజి కాస్తుంటే పొయ్యి దగ్గర నిలబడి నేనే అడిగాను, సూదులు అక్కర్లేదు కదక్కా అని, గరిటె తిప్పుతూ ఊరుకుంది, గంజి అడుగంటుతుందని మంట తగ్గించింది, ఆ కాస్తసేపు చాలు కదా ఒక్క మాటకి, లేదే, నేను సూదులే పొడిపించుకున్న అనడానికి ఎంతసేపు పడుతుంది.

నర్సు వచ్చి కూర్చుంది, అమ్మా ఇది మళ్ళ ఒకసారి నింపాలె, ఇంట్ల ఎవరికన్న రొమ్ము కాన్సర్ ఉండెనా, అక్క చెయ్యి నా మోకాలి మీద పడింది, నొక్కింది, మెత్తగా, బతిమాలుతూ, గంజి తాగించిన చెయ్యే, ఆ చెయ్యి కిందే నాకు మొత్తం తెలిసొచ్చింది, ఇన్ని నెలలు నేనేమనుకున్నాను, లోకానికి చెప్పనిది ఏదన్నా ఉంటే అక్క నాకు చెబుతుంది, చెల్లెలిని కదా అనుకున్నాను, ఆ ధైర్యంతోనే డాక్టరమ్మ మాట పక్కన పెట్టాను, సుస్మితను చూడవచ్చిన వాళ్ళకి ఏ అబద్ధం చెప్పిందో నాకూ అదే చెప్పింది, నేను చస్తానేమోనని ఏడ్చిన రోజు కూడా దాన్నే మళ్ళీ చెప్పింది, మా ఇద్దరి మధ్య వేరే మాట ఎప్పుడూ లేదు, ఉందనుకున్నది నేనొక్కదాన్నే, సుస్మితకీ చెప్పి ఉండదు, రేపు నా ఇషితకి అవసరమైనా ఎవరూ చెప్పరు, నేను అక్క చెయ్యి తీసి ఆమె సంచి మీద పెట్టాను, ఉందమ్మా, మా అక్కకు అయింది, గీమెనే, కీమో తీసుకున్నది, రాసుకో, అన్నాను, అక్క కొంగు మళ్ళీ మెడ దాకా లాక్కుంది, నా వైపు చూడలేదు, బయటివాళ్ళ ముందు పరువు తీశానని చూడలేదు, ఆమెకి నేనూ బయటిదాన్నే.