ఒక వరస చోటు

ఈస్టరుకి ముందురోజు శనివారం అంటే అబ్రహాంకి ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు. దేవుడున్నాడని నమ్మని మనిషికి ఆ రోజు ఎందుకంత ఇష్టమో అతను ఒకటి రెండుసార్లు ఆలోచించి చూశాడు. జవాబు దొరకలేదు. ఇష్టం మాత్రం అలాగే ఉంది.

ఎనిమిది కొట్టేసరికి కుంచెల సంచీ, నల్ల ఎనామిల్ డబ్బా, నీలం సుద్ద పూసిన నూలుదారం పట్టుకుని సమాధుల తోటకి చేరుకునేవాడు. అప్పటికే అనకాపల్లి క్రైస్తవ కుటుంబాల్లో సగం అక్కడ ఉండేవి. ఆడవాళ్ళు గడ్డి పీకుతుంటే మగవాళ్ళు సమాధులకి సున్నం కొడుతుండేవారు. మర్నాడు తెల్లవారకముందే అందరూ కొవ్వొత్తులతో వచ్చి, ఎవరివాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు నిలబడతారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. తూర్పు ఎర్రబడే వేళకి పాట ఎత్తుకుంటారు. అప్పటికి సమాధుల మీది పేర్లన్నీ నల్లగా నిగనిగలాడుతూ ఉండాలి. అది అబ్రహాం పని.

ముప్ఫై ఏళ్ళ పాటు బెల్లం కొట్లకీ బట్టల షాపులకీ బోర్డులు రాసిన చెయ్యి అది. రెండేళ్ళ క్రితం ఊళ్ళోకి ఫ్లెక్సీ మిషను వచ్చాక బోర్డులు తగ్గిపోయాయి. "గోరీలకి ఫ్లెక్సీ కట్టరు కాబట్టి బతికిపోయేవు బావా," అంటాడు సంఘపెద్ద ఇమ్మాన్యుయేల్. అతనికి అబ్రహాంని ఆట పట్టించడం అలవాటు. ఈ పొద్దున్నా మొదలుపెట్టాడు.

"పేరేమో బైబిల్లో విశ్వాసులకి తండ్రి పేరు. మనిషేమో చర్చి గడప తొక్కడు. ఏటి బావా ఇది?"

"తండ్రిని కదా బావా. నమ్మడానికి పిల్లలు మీరున్నారుగా. నమ్మండి."

ఇమ్మాన్యుయేల్ పగలబడి నవ్వి, సున్నం బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు.

నమ్మకం ఏ రోజున పోయిందో అబ్రహాంకి తెలియదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎస్. రాయవరం దగ్గర ఒక పల్లెలో చర్చి గోడ మీద వాక్యం రాశాడు. మూడు రోజుల పని. చివరి రోజున నిచ్చెన దిగి వెనక్కి నడిచి చూస్తే అక్షరాల పొట్టలు, తలకట్లు, వాటి మధ్య ఖాళీలు కనబడ్డాయి. మాట కనబడలేదు. అలిసిపోయాను, అర్థం మళ్ళీ వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. పోయినందుకు బాధ కూడా కలగలేదు. ఆ బాధ లేకపోవడమే కొన్నాళ్ళు అతన్ని భయపెట్టింది. తరవాత ఆ భయమూ పోయింది. పెళ్ళైన వారానికి ఈ సంగతి భార్య సువార్తతో చెప్పేశాడు. ఆమె కాసేపు అతని మొహంలోకి చూసి, "సరే, నమ్మే పని నాకొదిలెయ్యండి. మీ చెయ్యి బాగుంటుంది, మీరు సమాధుల మీద పేర్లు రాయండి," అంది. అలా అంటుకుంది ఈ పని.

సువార్త పోయి నాలుగేళ్ళయింది. ఆమె సమాధి మీద పేరు, దాని కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉంటాయి. అంతే.

పదింటికి విశాఖపట్నం బస్సు దిగి కూతురు షెకీనా నేరుగా అక్కడికే వచ్చింది. అక్కడొక లాబులో టెక్నీషియన్ ఆమె. చున్నీ నడుముకి బిగించి, తల్లి సమాధికి రెండో పూత సున్నం తనే కొట్టింది. అది ఆరాక అబ్రహాం పేరూ తేదీలూ దిద్ది, కుంచె పక్కన పెట్టాడు.

"ఈ ఏడు కూడా అంతేనా నాన్నా?"

"ఏది?"

"ఏదేటి? పొద్దున్నించి అందరికీ 'పునరుత్థాన నిరీక్షణతో' అని రాసేవు. తిరిగి లేస్తామన్న ఆ మాట అమ్మకి రాయవా?"

అబ్రహాం కుంచెని టర్పెంటైనులో కడుగుతూ, "వాళ్ళు రాయమన్నారు, రాసేను. అది వాళ్ళ మాట. మీ అమ్మకి రాస్తే నా మాటవుద్ది. నాలో లేని మాట ఎలా రాసేదమ్మా?" అన్నాడు.

"నేను రాయమంటున్నాను కదా."

"నువ్వడిగేవని రాస్తే నీతో అబద్ధం చెప్పినట్టవుద్ది."

"సరే, రాయకు. రేపు తెల్లారగట్ల లోపలికైనా వస్తావా? ఎప్పట్లా గేటు దగ్గర టీ తాగుతూ నిలబడతావా?"

"నేనొచ్చి అందర్లాగా కొవ్వొత్తి పట్టుకుంటే నాటకం ఆడినట్టుంటుంది. నీకే బాగోదు."

"నాకు బాగోనిదేటో నేను చెప్తాను విను. ఇమ్మాన్యుయేల్ మావయ్య వాళ్ళ నాన్న గోరీ దగ్గర పిల్లల్తో కలిపి పద్నాలుగు మంది నిలబడతారు. అమ్మ దగ్గర నేనొక్కదాన్నే. గాలికి నా కొవ్వొత్తి ఆరిపోతే పక్క గోరీ వాళ్ళ దగ్గరికెళ్ళి ముట్టించుకు రావాలి. నాలుగేళ్ళ బట్టి అదే. రేపు కూడా అంతే అయితే వచ్చే ఏడు నేను రాను నాన్నా. విశాఖపట్నంలోనే ఏదో చర్చికి పోతాను."

ఏడవలేదు. ఖాళీ బకెట్టు తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది. అబ్రహాంకి కోపం రాలేదు, తను చెప్పింది తప్పనీ అనిపించలేదు. గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ పక్క సమాధి దగ్గరికి నడిచి వెళ్ళే పిల్ల మాత్రం కళ్ళ ముందు నిలబడింది. గేటు దగ్గర అతను నిలబడేచోటికి ఆ వెలుగులన్నీ ఒకే గుంపులా కనబడేవి. అందులో ఒకటి ఆరిందనీ, మళ్ళీ వెలిగిందనీ అతనికి ఎప్పుడూ తెలియలేదు.

"ఓలమ్మ, ఏటి బావా అలా బొమ్మలా కూకున్నావు? రంగెండిపోతంది సూడు."

అచ్చియమ్మ. పూడిమడక నుంచి చేపలు తెచ్చి వాళ్ళ వీధిలో ఇరవై ఏళ్ళుగా అమ్ముతున్న మనిషి. సువార్తని అక్కా అనేది, అందుకని అబ్రహాం బావ. చేపల గంప గేటు బయట వేపచెట్టు నీడలో పెట్టి, చేతులు కడుక్కుని, ఒక బంతిపూల దండా కొవ్వొత్తుల పాకెట్టూ పట్టుకుని వచ్చింది. ప్రతి ఏడూ వస్తుంది.

"గంప అక్కడొదిలేసేవు, పిల్లులు పడతాయేమో," అన్నాడు అబ్రహాం.

"పడనీ. వారం పోతే సంద్రంలో సేపల యేట బందు. అప్పుడు పిల్లులూ పస్తే, నానూ పస్తే."

బకెట్టుతో తిరిగొచ్చిన షెకీనాని చూసి ఆమె బుగ్గలు పుణికింది. "ఏటే గుంటా, మొగం అలాగుంది? మీ అయ్యతో తగువా?"

అచ్చియమ్మ దండని సమాధి తలవైపు సర్దుతుంటే షెకీనా చూసి చూసి, హఠాత్తుగా అడిగింది. "పిన్నీ, నువ్వు యేసుప్రభువుని నమ్ముతావా?"

"నానా? నాది గంగమ్మతల్లి కదేటే."

"మరి ఈ కొవ్వొత్తులూ దండా ఎందుకు తెస్తావు?"

అచ్చియమ్మకి ఆ ప్రశ్న విచిత్రంగా తోచింది. సమాధి పక్కన చతికిలబడింది. "మీ అమ్మ మా గంగమ్మ పండక్కి వచ్చేది, నీకు గేపకం లేదా? నిన్నూ తెచ్చేది. ఇసకలో దొర్లేదానివి."

"అమ్మ మొక్కిందా?" షెకీనా గొంతులో కంగారు.

"మొక్కడమేటి! పెసాదం పెడితే తిన్నేదు. మాకు కూడదే అచ్చీ, ఏటనుకోకు అంది. నా మొగుడు పైడిరాజు యేటకెళ్ళి తిరిగి రాని ఏడు, పండగనాడు నా పక్కన ఎవులూ కూకోనేదు. ముండమోసిందాని పక్కన ఎవులు కూకుంటారు? మీ అమ్మ ఊర్నించి బస్సెక్కి వచ్చింది. మొక్కనేదు, పాడనేదు. గొడుగేసుకుని నా పక్కన కూకుంది. పొద్దుగూకే దాకా." దండలో వాడిన పువ్వొకటి తుంపి పారేసింది. "నానూ అంతే. మీ పాటలు నాకు రావు. కొవ్వొత్తి ముట్టించడం వచ్చు."

షెకీనా తల్లి పేరు వైపు చూస్తూ ఉండిపోయింది.

అచ్చియమ్మ లేవబోతూ సమాధి మీది పలకని చేత్తో చూపించింది. "అది సరేగానీ బావా, కింద ఇంత జాగా ఎవులి కోసం ఒగ్గీసేవు?"

"వాన చినుకులకి మట్టి చిందుద్ది. కింద రాస్తే పాడవుద్దని."

"ఈ గోరీ మీదే సిందుద్దేటి మట్టి? పక్కవాటికి అడుగుదాకా రాసేవుగా!"

నవ్వుకుంటూ తన గంప దగ్గరికి వెళ్ళిపోయింది.

అబ్రహాం పలక వైపు చూశాడు. నాలుగేళ్ళుగా చూస్తున్న పలకే. పేరూ తేదీలూ పై సగంలోకి ఎక్కి ఉన్నాయి. వాటి కింద నున్నగా తెల్లటి చోటు. చెయ్యి తిరిగిన పెయింటరెవడూ అలా రాయడు. రెండే వరసలుంటే నడిమధ్యకి తెచ్చి, పైనా కిందా సమానంగా వదులుతాడు. కొత్తగా పని నేర్చుకునేవాడు చేసే తప్పు అది. ఇంకొకడు చేస్తే అతనికి కళ్ళలో నలుసులా ఉండేది. తను చేశాడు, ఏటేటా దిద్దుతూ వచ్చాడు, ఒక్కసారీ కంటికి ఆనలేదు. వాన చినుకుల మాట కూడా ఎవరో అడిగారని కాదు, తనకి తనే ఎప్పుడో చెప్పుకుని నమ్మేశాడు.

దారం తీసి వేళ్ళతో ఆ చోటు కొలిచాడు. సరిగ్గా ఒక వరస. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మనసులో లేని మాట కోసం చెయ్యి చోటు ఎందుకు ఉంచింది? నమ్మకం ఎక్కడో అడుగున మిగిలి ఉందా అని నిజాయితీగా వెతుక్కున్నాడు. లేదు. అక్కడ సువార్త ఉంది. ఆమె మాట అది, అతనిది కాదు. మాట ఆమెదని తెలిసే చెయ్యి చోటు ఉంచింది. తన మాట కాదని తెలిసే రాయకుండా ఆగింది. ఆ చెయ్యి మీద అతనికి మొదటిసారి గౌరవం లాంటిది కలిగింది.

"షెకీనా, ఈ కొస పట్టుకో."

ఆమె దారం కొస పట్టుకుంది. అతను రెండో కొస బిగించి, మధ్యలో లాగి వదిలాడు. తెల్ల సున్నం మీద నీలం సుద్ద గీత పడింది. దాని కింద ఇంకో గీత. తరవాత కుంచెని ఎనామిల్లో ముంచి, అంచుకి తుడిచి, ఆమెకి అందించాడు.

"నేనా?"

"నీ మాటేగా. నువ్వే రాయి."

"నాకు రాదు నాన్నా, పాడైపోద్ది."

"గీతలు నేను వేసేను కదా. కుంచె నిలబెట్టి పట్టుకో. ఊపిరి బిగబట్టకు."

ముందు అక్షరాలు బండగా వచ్చాయి. సగం దాకా వచ్చేసరికి చోటు చాలదని తెలిసి ఆమె అక్షరాలు చిన్నవి చేసింది. ఆఖరి రెండూ కింది గీత దాటి జారిపోయాయి. అబ్రహాం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. ఒక మాట సాయం చేస్తే చాలు, ఒక చుక్క టర్పెంటైను చాలు. కట్టుకున్న చేతులు విప్పలేదు.

"వంకరగా వచ్చింది. తుడిచేసి నువ్వు రాస్తావా?"

"ఇదే ఉండనీ. బాగుంది. ఆరనీ."

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే గేటు దగ్గర టీ కొట్టువాడు అలవాటుగా గ్లాసు నింపి చాపాడు. అబ్రహాం చెయ్యి ఊపి లోపలికి నడిచాడు. అచ్చియమ్మ తెచ్చిన కొవ్వొత్తుల్లో ఒకటి ముట్టించుకుని, సమాధి దగ్గర కూతురి పక్కన నిలబడ్డాడు. పాట పాడలేదు. ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకుంటే అతను మూసుకోలేదు. ఆ వెలుగులో తను రాసిన పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి తేలుతున్నట్టుంటే, ఇన్నేళ్ళూ రాసి వెళ్ళిపోవడమే తప్ప కొవ్వొత్తి వెలుగులో వాటిని దగ్గరగా ఎన్నడూ చూడలేదని గుర్తుకొచ్చింది. మొక్కడం లేదు, పాడటం లేదు, నాటకం ఆడుతున్నట్టూ లేదు. హాయిగా ఉంది. గాలి ఒకసారి గట్టిగా వీచింది. షెకీనా కొవ్వొత్తి ఆరిపోయింది. ఆమె పక్క సమాధి వైపు తిరగబోయే లోపు అతను తనది వంచి పట్టుకున్నాడు.

తెల్లారి, కేకు ముక్కలు పంచుతూ ఇమ్మాన్యుయేల్ వచ్చాడు. అబ్రహాంని లోపల చూసి ఏదో అనబోయాడు. అంతలో అతని చూపు పలక మీద పడింది.

"అదేటి బావా! కింది వరస అలా జారిపోయింది? చెయ్యి వణుకుతోందేటి? కళ్ళజోడు మార్పించు బాబూ!"

చుట్టూ నలుగురు నవ్వారు. ముప్ఫై ఏళ్ళలో అబ్రహాం అక్షరాన్ని చూసి ఎవరూ అలా నవ్వలేదు. షెకీనా మొహం ఎర్రబడి నోరు తెరవబోయింది.

"చెయ్యి వణికింది బావా," అన్నాడు అబ్రహాం కేకు అందుకుంటూ. "వచ్చే ఏటికి కుదురుకుంటుందిలే."

షెకీనా తన బొటనవేలి గోరు చుట్టూ ఇంకా వదలని నల్లరంగు వైపు చూసుకుని, పిడికిలి మూసింది.

"వచ్చే ఏడు గీతలు కూడా నేనే వేస్తాను," అంది.