దాచిన బీపీ బిళ్ళలు

మూడు రోజులుగా మా ఆయన ఎలీషా బిళ్ళల డబ్బా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. దాచింది నేనే. మా చెల్లెలి కూతురు జెస్సికా డెంగ్యూతో పటమటలో ఆస్పత్రిలో పడి ఉంది. ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళని సిద్ధంగా పెట్టుకోమని డాక్టరు అనగానే అందరూ ఈయన వైపే చూశారు. గ్రూపూ కలిసింది. మా ఇళ్ళల్లో రక్తం ఇవ్వడమంటే మగాళ్ళ పనే మరి. బీపీ మందులు వాడేవాళ్ళ ప్లేట్‌లెట్లు పనికిరావని ఫోన్లో ఎవడో వాగాడు, నేను నమ్మాను.

ఇవాళ పొద్దున జెస్సికాకి ప్లేట్‌లెట్లు పన్నెండు వేలకి పడిపోయాయి. చిగుళ్ళ నుంచి రక్తం. ఉయ్యూరు నుంచి ఆదరాబాదరా బయల్దేరితే కంకిపాడు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం. కారు దిగి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కటీ కదల్లేదు.

బ్లడ్ బ్యాంకులో డాక్టరమ్మ ఈయన బీపీ చూసింది. మళ్ళీ చూసింది. నూట తొంభై.

"మందులు వాడట్లేదా అండీ?"

"మూడ్రోజులుగా మానేశానండి," అన్నాడు, దాచింది నేనని తెలిసినా నా ఊసెత్తకుండా.

"ఆయన కాదండీ, నేనే దాచేశాను," అన్నాను. ఏడుపు ఆగలేదు. డబ్బా తీసిచ్చాను.

ఆవిడ రెండు స్ట్రిప్పులూ తిప్పి చూసింది. "ఇదొక్కటే బీపీదండీ. కొన్ని బీపీ మందులు ప్లేట్‌లెట్ల జోరు కాస్త తగ్గిస్తాయి గానీ ఇవ్వడానికి అడ్డం కాదు. ఆపాల్సింది ఈ రెండోది, ఆస్పిరిన్."

మేం రెంటినీ కలిపి బీపీ బిళ్ళలనే అంటాం.

"ఇంత బీపీతో ఈయన దగ్గర తీసుకోలేం. ఇంకెవరున్నారు?"

"తీసుకోండమ్మా, నాకేం కాదు," అని ఈయన బతిమాలాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాదీ అదే గ్రూపండి," అన్నాను. మూడు రోజుల్లో నన్నెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

బరువెంత, మందులేమైనా వాడతారా అని చకచకా అడుగుతూ, "కాన్పులెన్ని?" అంది.

పదహారేళ్ళుగా పెళ్ళిళ్ళలో, చర్చి వరండాలో ఈ ప్రశ్నకి తలదించుకుంటూనే ఉన్నాను.

"లేవండి."

"మంచిదండీ. కాన్పులైనవాళ్ళవి ఒక్కోసారి ఎక్కించుకున్నవాళ్ళకి పడవు. రండి, టెస్టులు చేసేద్దాం."

ఆ జవాబుకి మంచిదన్న మనిషిని అదే మొదటిసారి చూడటం. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని ఆవిడ కంటే ముందే లోపలికి నడిచాను.