పసుపుకు తిరిగిన చుక్క

తెర మీద మా పేర్ల పక్కన వెలిగే ఆకుపచ్చ చుక్క, కాసేపు మౌస్ కదలకపోతే పసుపుకు తిరుగుతుంది. జూన్ మూడున ఓడెట్ చుక్క పదకొండు నిమిషాలపాటు పసుపుగా ఉంది. ఆ సమయంలో ఆమె సడ్‌బరీలోని తన ఇంట, స్నానాలగదిలో జారిపడిన తల్లిని లేవదీస్తున్నది. మా పై అధికారి ట్రెంట్ ఆ పదకొండు నిమిషాలకు ఆమెను ఉద్యోగంలోంచి తొలగించాడు.

మాది టొరంటోలోని న్యాయగ్రంథాల ప్రచురణ సంస్థ. పీటర్‌బరోలో నా వంటింటి బల్ల ముందు కూర్చొని ఆరేళ్లుగా ఆ గ్రంథాల పాదసూచికలు సరిచూస్తున్నాను. ఓడెట్ నా సహచరి. ఎన్నడూ ఎదురుపడలేదు, కాని ప్రతి ఉదయం కెమెరాల ముందు టీ కప్పులెత్తి పలకరించుకొనేవాళ్లం. ఆమె ఖాళీ చేసిన చోటును చూస్తూ టీ తాగడం నాకు చేతకాలేదు.

సమావేశాల్లో కెమెరా గాని మైకు గాని ఆపరాదని ట్రెంట్ శాసనం. "మీ కీబోర్డుల టకటక నాకు వినపడాలి. మీరంతా పైజామాల్లో కునుకులు తీస్తుంటే, రోజూ ఆఫీసుకొచ్చి చచ్చేది నేనొక్కణ్ణే!" అనేవాడు.

అతని వెనుక గోడ గడియారంలో ఎప్పుడూ మూడుకు ఇరవై తక్కువ. ఒక ఉదయం, తెరచి ఉన్న అతని మైకులోంచి ఏడుపూ నవ్వూ కలగలిసిన కూత వినవచ్చింది. సరస్సుల మీద తప్ప వినపడని లూన్ పక్షి కూత అది.

"నా ఫోను మోత" అన్నాడు ట్రెంట్.

ఆనాటి నుంచి ప్రతి కూతనూ తేదీతో, నిమిషంతో సహా రాసుకొన్నాను. అతడు ఓడెట్ నిమిషాలను రాసుకొన్నంత శ్రద్ధగానే.

నెలాఖరు శుక్రవారం, విన్నిపెగ్‌లో ఉండే ఉపాధ్యక్షురాలు బెర్నిస్ ముందు ఓడెట్ తన మాట చెప్పుకోవచ్చునన్నారు. ఉద్యోగం నిలిచినా పోయినా ఆ పూటే. ఓడెట్ నన్ను సాక్షిగా పిలిచింది.

"ఎందుకు పెద్దాయనా ఇంత పట్టుదల? నీ ఉద్యోగం కూడా ఊడుతుంది" అంది ముందురోజు ఫోనులో.

"ఊడనీ. నువ్వు చెప్పాల్సింది చెప్పి ఊరుకో. ఆ తర్వాత నేనొకర్ని పిలవాలి."

"ఎవర్ని?"

"వాళ్లకి పేరు లేదు."

శుక్రవారం సమావేశంలో ఓడెట్ తన మాట ముగించింది. ట్రెంట్ అందుకొన్నాడు.

"నియమమంటే నియమమే, బెర్నిస్. పదకొండు నిమిషాలు! నేనెప్పుడైనా ఈ ఆఫీసు కుర్చీలోంచి లేచానా?"

"కాఫీకి కూడా లేవవా? పాపం" అంది బెర్నిస్.

నేను సిద్ధంగా ఉంచుకొన్న లూన్ కూత రికార్డును మైకు దగ్గర వినిపించాను. ట్రెంట్ స్పీకరులోంచి అది అతని కిటికీ దాటి ఉంటుంది. తరువాత అతని వెనుకనుంచి ఒక పక్షి బదులు పలికింది. దానికి దూరాన మరొకటి.

"అది నా ఫో..."

"నాకు చెప్పకు" అంది బెర్నిస్. "మా నాన్న పడవలో కూర్చోబెట్టి నాకా కూత నేర్పాడు. మన పద్నాలుగో అంతస్తు ఆఫీసులోకి సరస్సెప్పుడొచ్చింది, ట్రెంట్? వెనక పెట్టుకున్న ఆ ఆఫీసు బొమ్మ తీసెయ్."

గడియారం మాయమైంది. చెక్క వరండా, గేలపుకర్ర, బోర్లించిన పడవ, వాటి వెనుక ఎండకు మెరుస్తున్న నీరు కనబడ్డాయి.

నేను నా జాబితా చదివాను. పదిహేను పనిదినాలు, ఇరవై రెండు కూతలు. ఒక్కటీ విడవలేదు, గొంతు తగ్గించనూ లేదు.

"సోమవారం పనిలోకి రా, ఓడెట్. మీ అమ్మకి ఎలా ఉంది?" అంది బెర్నిస్.

ఆ ప్రశ్న నేనూ ఇంతవరకు అడగలేదని అప్పుడు స్ఫురించి సిగ్గుపడ్డాను.

"ట్రెంట్, నువ్వు అక్కడే ఉండు. సిబ్బంది విభాగం ఫోన్ చేస్తుంది."

సమావేశం ముగిసింది. కాసేపటికి ట్రెంట్ చుక్క పసుపుకు తిరిగింది. గడియారం చూసి సమయం రాసుకొని, టీ కాచుకొన్నాను. పదకొండో నిమిషం నిండిన తరువాతనే మొదటి గుక్క తాగాను.