రికార్డు గది కాంతమ్మ

కాంతమ్మ బీరువా తలుపు తీసి, లోపల వేలాడుతున్న నలభై క్యాండిల్ బల్బును ఆర్పి, ఫ్లాపీల పెట్టెను రెండు చేతులతో బయటికి తీసింది. అట్టపెట్టె గోరువెచ్చగా తగిలింది. నాలుగు రోజులుగా విడవని ఆగస్టు ముసురుకు రికార్డు గది గోడలు నిలువునా చెమర్చాయి. ఆ గదిలో కాస్త పొడిగా ఉన్నది బీరువా ఒక్కటే. అందులో బల్బు పెట్టించుకోవడానికి ఆమె ఎలక్ట్రీషియన్‌ని నెల రోజులు బతిమాలింది.

ఎర్రసిరాతో 'సిస్టమ్' అని రాసి ఉన్న ఫ్లాపీని తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసింది. నల్లటి తొడుగుకు ఉన్న కోలసందులోంచి గోధుమరంగు బిళ్ళ కనిపిస్తోంది. నిన్న దాని మీద నాలుగు తెల్లచుక్కలు ఉన్నాయి. ఇవాళ బియ్యప్పిండి చల్లినట్టుంది.

"ప్రభువా," అంది మెల్లగా.

రాజోలు అవతల, కాలవ గట్టు పక్కన ఉన్న ఆ కుష్ఠురోగుల ఆస్పత్రిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. 1985లో విదేశీ దాతలు పంపింది ఒకటి, ఈ ఎనభై ఎనిమిది జూన్‌లో వచ్చింది ఒకటి. పాతది మీట నొక్కగానే దానంతటది ఏ పనీ చెయ్యలేదు. ముందు సిస్టమ్ ఫ్లాపీ పెట్టాలి. అది చదువుకున్నాకనే దానికి తెలివి వస్తుంది. అప్పుడు రోగుల వివరాలున్న ఫ్లాపీ పెడితే తెరిచి చూపిస్తుంది. సిస్టమ్ ఫ్లాపీలు రెండు ఇచ్చారు. ఒకటి జూలైలో బూజు పట్టి పోయింది. కాంతమ్మ తీసి ఉంచిన నకళ్ళు కూడా అదే చెమ్మకు అలాగే పోయాయి. ఇది ఆఖరుది.

పెట్టి చూసింది. మిషను గరగరమని కాసేపు గింజుకుని, చదవలేనని తెర మీద ఒక పచ్చటి వాక్యం రాసి ఆగిపోయింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వాక్యం.

కాంతమ్మకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది. పొట్టి మనిషి. వంగి రాసీ రాసీ మెడ కొంచెం ముందుకు వచ్చింది. కళ్ళద్దాల కాడ విరిగితే పురికొసతో కట్టుకుంది. తొమ్మిదో ఏట తల్లి వెనకాల ఈ గేటులోంచి లోపలికి వచ్చింది. తల్లి రోగుల వార్డుకు, ఆమె రోగం లేని పిల్లల హాస్టలుకు వెళ్ళారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద నాలుగు గజాల దూరంలో కూర్చుని ఇద్దరూ మాట్లాడుకునేవారు. స్కూల్ ఫైనల్ ప్యాసయ్యాక ఆస్పత్రివాళ్ళే రికార్డు గదిలో ఉద్యోగం ఇచ్చారు. ఆ తరవాత ఆరేళ్ళకు తల్లి పోయింది. ఒకసారి కొత్తపేట నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పిల్ల పెరిగిన చోటు తెలిసి, ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా బస్సెక్కారు. ఇంకెవరూ రాలేదు.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆమె పని ఒక్కటే. ఎవరు ఏ ఊరినుంచి ఏ తేదీన వచ్చారు, ఏ మందు ఎన్నాళ్ళు వాడారు, ఎప్పుడు నయమై వెళ్ళారు, అన్నీ రాయడం. రోగులను మీరు అని పిలిచే ఉద్యోగి ఆ ఆస్పత్రిలో ఆమె ఒక్కతే.

పది గంటలకు గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది.

"అమ్మగారండీ, బాగున్నారాండి?"

కాంతమ్మ తలెత్తింది. "రెండువేల మూడువందల పదిహేడు! రండి గంగయ్యగారూ."

"ఆయ్, అదేనండి నా నంబరు. నాకే గుర్తు లేదండి," అని గంగయ్య నవ్వాడు.

అరవై ఏళ్ళవాడు. కనుబొమలు రాలిపోయాయి, ఎడమచేతి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. అవి జబ్బు వదిలి వెళ్ళిన గుర్తులే, జబ్బు కాదు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు ఆస్పత్రి చెప్పులు వేసుకున్నాడు. అల్లవరంలో ఎవరిదో కొబ్బరితోటకు కాపలా ఉంటున్నాడు. వరండాలో గుమ్మం పక్కనున్న బెంచీ అంచున కూర్చుని వచ్చిన పని చెప్పాడు.

"మా భూలక్ష్మికి మగపిల్లోడు పుట్టేడండి. దానికి తల్లి లేదు కదండి, పురుడు మురమళ్ళలో అత్తోరే పోసేరండి. సూద్దారని ఎల్తే అల్లుడుగారు అరుగు మీదే ఆపేసేరండి. ఆయన్ననడానికి లేదండి, ఇంట్లో పసిగుడ్డు ఉన్నాడు కదండి. జబ్బు నయమైపోయిందని ఆస్పత్రి కాయితం తెస్తే లోపలికొచ్చి ఎత్తుకోమన్నారండి. రేపు బారసాలండి."

"మీకు మందుల లెక్క రాసి చిన్న పుస్తకం ఒకటి ఇచ్చాం కదా?"

"ఎనభయ్యారు వరదలో ఇల్లే పోయిందండి. పుస్తకం ఎక్కడుంటదండి?"

కాంతమ్మ మిషను వైపు చూసింది. "కూర్చోండి. కాస్త ఆలస్యమవుతుంది," అంది.

ఆ వరదలోనే ఆస్పత్రి కింది గదుల్లోకీ నీళ్ళొచ్చి కార్డులన్నీ తడిసిపోయాయి. నాలుగువేల పైచిలుకు కార్డులను కాంతమ్మ వరండాలో ఎండబెట్టి, ఒక్కొక్కటే విప్పి, చెదిరిన సిరాను భూతద్దంతో చదివి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆఖరి కార్డు ఎక్కించిన వారానికి మేనేజరు గోవిందరాజులు ఆ కట్టలన్నిటినీ వంటశాల వెనక తగలబెట్టించాడు. "అంతా మిషన్లో ఉంది కదండీ, ఇంకా ఈ చెదలెందుకు?" అన్నాడు. ఒక్క సంవత్సరం ఆగమని ఆమె అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, చోటు లేదు.

కొత్త కంప్యూటర్ పంపేముందు, ఏ సిస్టమ్ కావాలో రాయమని దాతలు ఉత్తరం రాశారు. పాతదే కావాలని, లేకపోతే పాత రికార్డులు తెరుచుకోవని కాంతమ్మ రెండు పేజీల జవాబు రాసి ఇచ్చింది. గోవిందరాజులు దాన్ని సొరుగులో పెట్టి, అందరూ వాడుతున్న కొత్తదే పంపమని మూడు వాక్యాలు రాశాడు. అది వచ్చింది. పాత రికార్డులను దానిలోకి మార్చి ఇస్తామన్న ఇంజనీరు మాత్రం రాలేదు.

కాంతమ్మ మేనేజరు గదికి వెళ్ళి హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేయించింది. గంటన్నరకు లైను దొరికింది. అవతల ఇంజనీరు ఎక్కడో నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"పాతదాంట్లో ఏ సిస్టమండీ?"

"సీపీఎం అండి."

"అదింకా ఎవరు వాడుతున్నారండీ! కొత్తదాంట్లో డాస్ ఇచ్చాం కదా, అందులో చూసుకోండి."

"పాత ఫ్లాపీలు అందులో తెరుచుకోవట్లేదండి. వదిలెయ్యనా, మళ్ళీ చూడనా, పట్టించుకోకుండా పోనా అని అడుగుతుంది. మళ్ళీ చూడమని ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ అదే అడుగుతుందండి."

"అడుగుతుంది మరి. దాని పద్ధతి వేరు, దీని పద్ధతి వేరు. మిషనూ ఫ్లాపీలూ మద్రాసు పంపించండి. ఆర్నెల్లు పడుతుంది."

"ఇక్కడ మనిషి కూర్చుని ఉన్నాడండి," అంది కాంతమ్మ. అప్పటికే లైను తెగిపోయింది.

ఆమె డ్రెస్సింగ్ రూముకు వెళ్ళి నర్సు మార్తమ్మను దూదీ, స్పిరిటూ అడిగింది.

"ఎక్కడ తెగిందక్కా?" అంది మార్తమ్మ కంగారుగా.

"నాకు కాదే, మిషనుకి."

గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. బ్లేడుతో సిస్టమ్ ఫ్లాపీ తొడుగు అంచు కోసి, లోపలి బిళ్ళను గోళ్ళతో అంచులు పట్టుకుని బయటికి తీసింది. అది తమలపాకంత పలచగా ఉంది. చిన్నప్పటి నుంచి పుళ్ళు కడగడం చూస్తూ పెరిగిన మనిషి ఆమె. అదే పద్ధతిలో, నొక్కకుండా, మధ్యనుంచి అంచుకు తుడిచింది. దూది తెల్లగా బూజు పట్టుకుని వచ్చింది. ఖాళీ ఫ్లాపీ ఒకటి కోసి, దాని తొడుగులోకి ఈ బిళ్ళను ఎక్కించింది. ఇలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మిషను గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమంది. తెర మీద ఒక పచ్చటి అక్షరం, దాని పక్కన బాణం గుర్తు వెలిగాయి.

కాంతమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. తెరకు ఎదురుగా నిటారుగా కూర్చుంది. రెండువేల ఒకటి నుంచి రెండువేల అయిదువందల వరకూ ఉన్న ఫ్లాపీ పెట్టి, 2317 అని కొట్టింది. గంగయ్య పేరు వచ్చింది. తండ్రి పేరు, ఊరు, వయసు, చేరిన తేదీ వచ్చాయి. మందుల పట్టిక మొదలవుతుండగా లోపల ఏదో గీరుకున్న చప్పుడైంది. తెర నిండా అర్థంలేని గుర్తులు కిందికి పారాయి.

ఆ ఫ్లాపీనీ కోసింది. బిళ్ళను తుడవబోతే ఈసారి దూది గోధుమరంగుకు తిరిగింది. బూజు బిళ్ళ పూతనే తినేసింది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బిళ్ళలోంచి అక్కడక్కడ వెలుతురు కనిపించింది. అయిదువందల మంది దాని మీద ఉన్నారు. కాంతమ్మ దాన్ని ఒక తెల్లకాగితం మీద పెట్టింది. తరవాత, తెర మీద వచ్చినంతవరకు చూసి, రానిది జ్ఞాపకం మీద, గంగయ్య రికార్డంతా చేత్తో రాసింది. ఆఖరి మోతాదు 1985 మార్చి 14, గురువారం. ఆ రోజు అతను వార్డులో అందరికీ అరటిపళ్ళు పంచాడు.

డాక్టరు కొత్తవాడు, కాకినాడ నుంచి వారానికి రెండుసార్లు వస్తాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది ఎక్కడిదండీ?"

"పైన అయిదు లైన్లు మిషన్లోవండి. మిగతావి నాకు గుర్తున్నవండి."

"మీ మాట నేను నమ్ముతానండి కాంతమ్మగారూ. కాని నా సంతకం వెనక రికార్డు ఉండాలి కదండీ. రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించను?" ఆయన గొంతులో కోపం లేదు. "కావాలంటే చర్మం గీరి స్మియర్ పరీక్ష చేద్దాం. అందులో క్రిములేమీ లేకపోయినా, పూర్తి మందు వాడాడని మాత్రం రాయలేను. కొత్త కేసుగా పేరు రాసి మందులు మొదలుపెట్టండి. రెండేళ్ళు."

కాంతమ్మ గదికి తిరిగి వచ్చి కొత్త కంప్యూటర్ వేసింది. అది ఏ ఫ్లాపీ అడక్కుండానే నిమిషంలో లేచి కూర్చుంది. కొత్త రోగి పేరు రాయమంది. తెర శుభ్రంగా ఉంది. ఆమె 'గ' కోసం ఇంగ్లీషు అక్షరం మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది. మిషను ఆపి, మూల ఉన్న టైపు మిషను మీది గుడ్డ తొలగించింది. ఆస్పత్రి పేరున్న కాగితం ఎక్కించి, గంగయ్యకు జబ్బు పూర్తిగా నయమైందని, అతని వల్ల ఎవరికీ ప్రమాదం లేదని కొట్టింది. గుండ్రటి సీలు వేసింది. డాక్టరు సంతకం ఉండాల్సిన చోట తన పేరు రాసి, కింద 'రికార్డు క్లర్కు' అని రాసింది. ఇన్నేళ్ళలో ఆమె సంతకం జీతం పుస్తకంలో తప్ప మరే కాగితం మీదా పడలేదు.

మూడున్నర అయింది. గంగయ్య బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కాగితాన్ని రెండు చేతులతో అందుకుని సీలును వేలితో తడిమాడు.

"డాక్టరుగారి సంతకమేనాండి ఇది?"

కాంతమ్మకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు గంగయ్యగారూ. నాది."

గంగయ్య కాగితాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. "మా అల్లుడుగారు సదువుకున్నోరండి. సంతకం కాడే సూత్తారండి," అని దాన్ని జాగ్రత్తగా మడత పెట్టి ఆమె చేతిలో ఉంచాడు. "మీ ఉద్యోగానికి మాటొత్తదండి. వద్దండమ్మా."

"కొత్తగా పేరు రాసుకుంటే రెండేళ్ళకు ఇస్తామన్నారు."

"రెండేళ్ళకి ఆడు పరిగెత్తేత్తాడండి," అన్నాడు గంగయ్య. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. గొడుగు తీసుకుని, "అమలాపురం బస్సు నాలుగున్నరకేనాండి?" అని అడిగాడు.

"అవును. ఎక్కడికి వెళ్తారు?"

"ఎల్లొత్తానండి," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి కోసిన తొడుగుల ముక్కలు, గోధుమరంగు అంటిన దూదీ ఏరి చెత్తబుట్టలో వేసింది. తన సంతకం ఉన్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. మిగిలిన ఎనిమిది రికార్డు ఫ్లాపీలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. అన్నిటిలోనూ చుక్కలు ఉన్నాయి. బస్సు హారను వినిపించినప్పుడు తల తిప్పలేదు.

అయిదు గంటలకు గదికి తాళం వేసి వరండాలోకి వచ్చింది. ముసురు ఇంకా పడుతూనే ఉంది. బెంచీ కింద, గోడకు ఆనించి, ఒక చెప్పుల జత ఉంది. ఆస్పత్రి షెడ్డులో కుట్టే చెప్పులు అవి. స్పర్శ లేని పాదాలకు రాళ్ళు దిగకుండా లావుపాటి నల్లరబ్బరు వేసి, వెనక పట్టీ పెట్టి కుడతారు. కోనసీమలో ఏ వీధి అరుగు మీదనుంచి చూసినా అవి ఎవరి కాళ్ళకు ఉంటాయో ఇట్టే తెలిసిపోతుంది. అవి లేని మనిషిని వెంటనే పోల్చుకోలేరు. రోడ్డు పొడుగునా కంకర పరిచి ఉంది.

కాంతమ్మ వంగి చూసింది. పట్టీలు సరిచేసి, జోళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మెత్తటి రబ్బరులో ఎడమదానికి అయిదు వేళ్ళ గుర్తులు, కుడిదానికి మూడు, లోతుగా దిగబడి ఉన్నాయి.