సున్నం వెనుక గోడ

మంగళవారం మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. గని అంచుకు 340 మీటర్ల దూరంలో ఉన్న సమ్మవ్వ ఇంట్లో, వంటగది గోడ మీది పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది. ఊడిన చోట చీలిక ఉంది. చీలికలో సిమెంటు కూరి ఉంది.

ఆ సమయానికి యమున ఆ ఇంట్లోనే ఉంది. ఆమె యూనివర్సిటీలో సోషియాలజీ పరిశోధక విద్యార్థిని. రెండేళ్ల క్రితం ఈ ఊళ్లో 212 ఇళ్లు తిరిగి సర్వే చేసింది. ఆ లెక్కలతో ఆమె గైడ్, ప్రొఫెసర్ వేణుమాధవ్, నివేదిక రాశారు. గనుల పక్క ఊళ్ల పునరావాసంపై ప్రభుత్వం వేసిన కమిటీ ఆ నివేదిక తీసుకుంది. 300 మీటర్లు దాటితే గోడలు పగిలిన ఇళ్లు నూటికి ఆరేనని నివేదికలోని ఆరో పట్టిక చెబుతుంది. దాని ఆధారంగా 300 మీటర్లలోపు ఇళ్లకే పునరావాసం అని కమిటీ ముసాయిదాలో రాసింది. అభ్యంతరాలకు గడువు బుధవారం సాయంత్రం ఐదు గంటలు.

సమ్మవ్వకు నివేదిక కాపీ ఇవ్వడానికి యమున వచ్చింది. అందులో ఈ ఇంటి నంబరు 87. చీలికలు: లేవు.

"ఇదెప్పటిది అవ్వా?"

"నువ్వు సర్వేకు రాకముందుదే బిడ్డా. నాలుగేండ్లయితంది."

"మరి నేనడిగితె లేదంటివి?"

"లేకుంట చేసినం గద. ఎల్లుండి ఇండ్ల సర్వే అని మైకుల చెప్పిస్తివి. సర్వేకొచ్చినోళ్లకు పగిలిన గోడ ఎవరన్న చూపెడ్తరా? పాతిల్లని రాస్తరు, గనికి ఇల్లు తీస్కునేటప్పుడు ధర కోస్తరు."

పక్కింటి బిక్షం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గనిలో డ్రిల్లు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు.

"రెండు దినాలు ఊరంత అదే పని," అన్నాడు. "దుకాన్ల సిమెంటు దొరకలె."

"నీ పెండ్లికి గూడ మీ అయ్య గంత సున్నమెయ్యలె," అంది సమ్మవ్వ.

యమున నవ్వలేదు. ప్రజలకు రెండు రోజుల ముందే సమాచారం ఇచ్చామని థీసిస్‌లో ఆమె ఒక పేరా రాసింది. ఆమె పెరిగింది గోదావరిఖనిలో, గని కంపెనీ క్వార్టర్‌లో. అక్కడి గోడలకు ధర కట్టడానికి ఎవరూ రారు.

"గిప్పుడు మూడొందలు దాటినోళ్లం ఈడనే ఉండాల్నా?" అని సమ్మవ్వ అడిగింది.

మూడు గంటలకు యమున వేణుమాధవ్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఆరో పట్టిక తప్పు."

"ఎన్ని ఇళ్లు చూశావు?"

"ఒకటి."

"ఒక ఇల్లు చూసి పట్టిక తప్పంటే ఎట్లా? యమునా, తాగునీళ్లు, దుమ్ము, దవాఖాన, ఈ మూడు క్లాజులూ మన నివేదిక వల్లే ముసాయిదాలోకి వచ్చాయి. వాటిని తీసేయాలని చూసేవాళ్లు కమిటీలో ఉన్నారు. ఒక పట్టిక తప్పని మనమే చెబితే మిగతావి నిలుస్తాయా? పైగా వచ్చే నెల నీ పీహెచ్‌డీ వైవా."

"ఎన్ని ఇళ్లయితే చాలు సార్?"

"ముప్పై. ఫొటోలతో. అప్పుడు చూద్దాం."

బిక్షం యమున వెంట ఇల్లిల్లూ తిరిగి తాళంచెవితో గోడలు కొట్టి చూశాడు. శబ్దం మారిన చోట ఆగాడు. "ఈడ డొల్ల," అన్నాడు. కానీ ఫొటోలో పగులు కనపడాలంటే సున్నం గీకాలి. మొదటి మూడు ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు.

మూడో ఇంటావిడ తలుపు సగమే తీసింది. "గీకినంక మీ లెక్క మారకుంటె? మూడొందలల్ల లేకపాయె, గోడ గూడ పాయె. అప్పుడు నువ్వొచ్చి సున్నమేస్తవా అక్కా?"

లెక్క మారుతుందో లేదో యమునకు తెలియదు. ఆ మాటే చెప్పింది.

సమ్మవ్వ తన ఇంట్లోంచి అట్లకాడ తెచ్చింది. తన ఇంటి వీధి వైపు గోడ ముందు నిలబడింది.

"ఆ గోడ వద్దవ్వా, వంటింట్లది చాలు," అంది యమున.

"వంటింట్లది ఎవరు జూస్తరు?"

గీకడానికి పావుగంట పట్టింది. కిటికీ మూల నుంచి పునాది దాకా చీలిక బయటపడింది. సాయంత్రం ఆరు గంటలకు మూడో ఇంటావిడ తన గోడ గీకించుకుంది. చీకటి పడేసరికి తొమ్మిది ఇళ్లయ్యాయి.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు లెక్క ఇది: 300 మీటర్లు దాటిన ఇళ్లలో గీకినవి 26, పగుళ్లు ఉన్నవి 22. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. యమున వేణుమాధవ్‌కు రెండుసార్లు ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. 1:40కి మెసేజ్ వచ్చింది: "మీటింగ్‌లో ఉన్నాను. ముప్పై అయ్యాయా?"

యమున 26 అని రాసింది. ఆ మెసేజ్‌కు జవాబు రాలేదు. మూడు గంటలకు ఆమె అభ్యంతర లేఖ, ఫొటోలు తీసుకుని, వాటిని ఇవ్వాల్సిన ఆఫీసున్న పెద్దపల్లికి బస్సెక్కింది. రైల్వే గేటు దగ్గర బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. లేఖ చివర గైడ్ సంతకానికి వదిలిన చోటును ఆమె అక్కడే పెన్నుతో కొట్టేసింది.

అభ్యంతరాల కౌంటర్ దగ్గరికి చేరేసరికి 4:43. గుమస్తా లేఖ అడుగున సంతకాల చోటు చూశాడు.

"సార్ సంతకం ఏదమ్మా? నివేదిక సార్‌ది గద."

"లెక్కలు నావి. తప్పు గూడ నాదే."

"గట్లని రాసిచ్చినవా?"

"రెండో పేజీల ఉన్నది."

అతను రెండో పేజీ తిప్పి చూశాడు. లేఖ మీద స్టాంపు వేసి సమయం రాశాడు: 4:51.

శుక్రవారం ఉదయం కమిటీ సమావేశం ఎజెండా వచ్చింది. నాలుగో అంశం 300 మీటర్ల హద్దు. దాని కింద ఆధారంగా ఆరో పట్టిక ఉంది. అందిన అభ్యంతరాల్లో యమున లేఖ ఉంది. అప్పటికి వేణుమాధవ్ నుంచి ఆమెకు ఫోన్ రాలేదు.

అదే రోజు మధ్యాహ్నం 2 గంటల 5 నిమిషాలకు బ్లాస్టింగ్ జరిగింది. సమ్మవ్వ వీధి గోడకు అప్పటికి సున్నం వేయలేదు.