రాసే వేగం

అద్దం అవతల బల్ల మీద పడుకుని ఉన్నది ఆమె తోడికోడలు. పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రిలో స్కాన్లు తీస్తున్న ఆమెకి సొంత మనిషిని ఆ బల్ల మీద చూడటం అదే మొదటిసారి. అక్కడ అందరూ ఆమెను స్కానక్క అంటారు. తోడికోడలు పొద్దున బట్టలు ఆరేస్తూ "తల పగిలిపోతోంది" అని కూలబడిపోయిందట. మరిది రెండు చేతుల మీద మోసుకొచ్చాడు.

తెర మీద బొమ్మలు వచ్చాయి. మెదడు అడుగున తెల్లగా రక్తం పరుచుకుని ఉంది. డ్యూటీ డాక్టరు వంగి చూసి గొంతు తగ్గించాడు.

"నాళం ఉబ్బి చిట్లిందమ్మా. ఇక్కడ మన వల్ల కాదు. మళ్లీ చిట్లిందంటే..." మిగతా మాట మింగేశాడు.

పెద్దాసుపత్రి సర్జన్ ఫోన్‌లో తేల్చి చెప్పాడు. "మా దగ్గర మళ్లీ స్కాన్ తీస్తూ కూర్చుంటే గంట పోతుంది. బొమ్మలు పేషెంటుతోనే పంపండి. చూస్తూనే లోపలికి తీసుకుంటా."

నెట్‌లో పంపుదామంటే రోడ్డు తవ్వేవాళ్లు పొద్దున్నే కేబుల్ తెంపేశారు. సీడీలు రాసే పెట్టె మూలపడి ఏడాదవుతోంది. ఇక మిగిలింది పెన్‌డ్రైవే.

సొరుగు లాగితే ఎర్రదొకటి, నల్లదొకటి కనిపించాయి. అన్నిటికన్నా మంచిది గంట క్రితమే వేరే పేషెంటుతో వెళ్లిపోయింది. కిందటి నెల కంప్యూటర్లు బాగుచేసే ఆయన వీటన్నిటిలోకీ ఒకే ఫైలు ఎక్కించి, వాచీ చూసుకుంటూ పరీక్ష పెట్టాడు. ఏది ఎంత వేగంగా చదువుతుందో, ఎంత వేగంగా రాస్తుందో కాగితం మీద రెండు వరసల్లో రాసి గోడకి అంటించాడు. ఆ కాగితం ఆమె తల వెనకే ఉంది. వెనక్కి తిరిగి చూడాలని కూడా తోచలేదు. ఎర్రది కొత్తది, దాని మీద వేగం చెప్పే పెద్ద అంకె మెరుస్తోంది. అదే గుచ్చింది.

ఇరవై సెకన్లలో నలభై శాతం ఎక్కింది. హమ్మయ్య అనుకుంది. అంతలో ఆకుపచ్చ గీత ఆగిపోయింది. మిగిలిన సమయం ఒక నిమిషం అన్నది కాస్తా తొమ్మిదయింది. చూస్తుండగానే ఇరవై మూడయింది.

"వదినా, అయిందా?" మరిది తలుపు సందులోంచి అడిగాడు. "అంబులెన్స్ ఎక్కించేశారు."

"వస్తున్నా నాయనా, ఒక్క నిమిషం."

నలభై రెండు. నలభై రెండు. నలభై మూడు. డ్రైవు ముట్టుకుంటే చురుక్కుమంది. ఆపేస్తే ఎక్కినదంతా పోతుంది, ఆపకపోతే మనిషే పోతుంది. ఏం చేయాలో తేలక అలాగే నాలుగు నిమిషాలు కూర్చుంది. ఆఖరికి కంప్యూటర్ల ఆయనకి ఫోన్ చేసింది.

"ఎర్రది పెట్టారా? పీకేయండి!" అని ఆయన అరిచాడు. "అది చదవడంలోనే హుషారు. రాయమంటే మొదట పరుగెత్తి, తర్వాత చతికిలపడుతుంది. నల్లది పెట్టండి. అది నెమ్మదే, కానీ ఆగదు."

డాక్టరు కూడా పరుగున వచ్చాడు. "అన్నీ ఎందుకమ్మా? రక్తనాళాల బొమ్మలు చాలు, అవి మాత్రమే ఎక్కించండి."

నల్లది గుచ్చింది. ఒకటి, రెండు, మూడు... పరుగు లేదు, ఆగడమూ లేదు. బయట నర్సు కేక వినిపించింది. "బీపీ పెరుగుతోంది డాక్టర్!" ఆమెకి ఇక దేవుళ్ల పేర్లు కూడా గుర్తు రాలేదు, నోటికి అంకెలే వస్తున్నాయి.

రెండు నిమిషాలకి నూరు పడింది. మరిది చెయ్యి చాపాడు. "ఇచ్చెయ్ వదినా!"

"ఉండు. తెరుచుకుంటుందో లేదో చూడాలి."

"ఇంకా చూడటమేంటి? అక్కడ అది చచ్చిపోతోంది!"

అయినా ఆమె డ్రైవు వదల్లేదు. పక్క కంప్యూటర్‌కి పెట్టి మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా తిప్పింది. అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషమూ మరిది మొహం వైపు చూడలేకపోయింది. అన్నీ తెరుచుకున్నాయి. డ్రైవు అతని గుప్పిట్లో పెట్టింది. అంబులెన్స్ కూత దూరమయ్యాక గోడకి ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి మరిది ఫోన్ చేశాడు. మొదట ఏడుపే వినిపించింది.

"వదినా... ఆపరేషన్ అయింది. కళ్లు తెరిచింది."

మూడు వారాలకి తోడికోడలు ఇంటికి వచ్చింది. గుండు చేసిన తల, కాస్త ముద్దగా వచ్చే మాట, ఇంకా పట్టు చిక్కని ఎడమ చెయ్యి. స్కానక్క ఆమెకి అన్నం కలిపి పెడుతూ, ఎవరికీ చెప్పనిది చెప్పేసింది.

"ఆ రోజు నాలుగు నిమిషాలు వృథా చేశానే. గోడ మీద రాసే ఉంది, చూసుకోలేదు. నీ చెయ్యి ఇలా అయింది అందుకేనేమో."

తోడికోడలు ముద్ద నమిలి మింగింది.

"ఏమో అక్కా. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. డాక్టర్‌ని అడుగుదామా?"

"వద్దు," అంది స్కానక్క. "నాకు భయం."

"నాకూ భయమే," అంది తోడికోడలు. "అడగొద్దులే. ఇంకో ముద్ద పెట్టు."